పక్క సీటు బ్రేకు

ఆ ఏడు వానలు మొదలవుతూనే మా అమ్మాయి డ్రైవింగ్ పరీక్ష రెండోసారి తప్పింది. తప్పడం తప్పు కాదు, ఎవరింటి పిల్ల తప్పిందన్నదే తప్పు. ఊళ్ళో సగం మందికి స్టీరింగ్ పట్టుకోవడం నేర్పినవాణ్ణి నేను. నా డ్రైవింగ్ స్కూలు బోర్డు మీద "ఇంట గెలిచి రోడ్డు గెలువు" అని ఎర్ర రంగుతో రాయించుకున్నవాణ్ణి. ఆ సాయంత్రం ఎవరో తుంటరి ఆ బోర్డు కింద ఆగి, అక్షరం అక్షరం గట్టిగా చదివి, గొడుగు ఊపుకుంటూ వెళ్ళిపోయాడు.

పరీక్ష పెట్టే అధికారి సన్నగా, నిటారుగా, మడిచిన గొడుగులా ఉంటుంది. ఆవిడ నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. నా జోకులకి నవ్వనివాళ్ళు లోకంలో ఇద్దరే, ఒకరు ఆవిడ, రెండోది నా భార్య. అధికారికి నా జోకులు అర్థం కావు. నా భార్యకి మరీ అర్థమైపోయాయి.

"ఇలా రండి మాస్టారూ," అని పరీక్ష అవగానే అధికారి నన్ను ఆఫీసు వరండా చివరికి పిలిచింది. "మీ అమ్మాయికి అన్నీ వచ్చు. వెనక్కి పోనివ్వడం, ఎత్తు ఎక్కించడం, ఇరుకులో తిప్పడం, అన్నీ శుభ్రంగా చేస్తుంది. ఆపడం కూడా వచ్చు."

"మరి?"

"ఆపే ముందు ఒక్క క్షణం ఆగుతుంది."

"మంచిదేగా అండీ, రెండుసార్లు ఆగినట్టు."

"కారు ఆగదు మాస్టారూ. పిల్ల ఆగుతుంది. ఎవరో వచ్చి ఆపుతారేమోనన్నట్టు చూస్తుంది. ఈలోగా కారు గీత దాటేస్తుంది. పోయినసారీ ఇంతే."

"ఎవరి కోసం చూస్తుందంటారు?"

ఆవిడ నా కుడికాలి బూటు వైపు చూసింది.

సంగతేమిటంటే, నేర్పే కారులో బ్రేకులు రెండుంటాయి. ఒకటి నేర్చుకునేవాళ్ళ కాలికింద, ఇంకోటి పక్క సీట్లో మాస్టారి కాలికింద. రెంటినీ కలుపుతూ అడుగున ఓ ఇనుప రాడ్ ఉంటుంది. నేను ఇక్కడ తొక్కితే అక్కడ వాళ్ళ పెడల్ దానంతటదే దిగుతుంది. పరీక్ష ఆఫీసు వాళ్ళ కారులో ఆ రెండో పెడల్ ఉండదు.

ఏళ్ళ తరబడి తొక్కీ తొక్కీ నాకు బ్రేకు మాస్టారన్న పేరు స్థిరపడింది. పొద్దున్నే నేను ఫలహారానికి కూర్చుంటే మా బావమరిది "బావకి బ్రేక్ ఎప్పుడూ ఫాస్టే" అంటాడు. నిజమే. పరాయి పిల్లలకైతే ప్రమాదం కనిపించాక తొక్కుతాను. సొంత పిల్లకి, ప్రమాదం పుట్టకముందే తొక్కాను. ఎక్కడో కుక్క లేచి నిలబడితే తొక్కాను. కుక్క కూర్చుని ఉంటే, లేస్తుందేమోనని తొక్కాను. ఆ లెక్కన మా అమ్మాయి కారు నడపడం నేర్చుకుంది, నేను ఆపడం నేర్చుకున్నాను.

పోనీ సరదాకి నేర్చుకుంటున్న పిల్లా అంటే కాదు. కళ్ళు పరీక్ష చేసే చదువు చదివింది. కంటి ఆసుపత్రి వాళ్ళు ఊరూరా తిరిగే వ్యాన్‌లో దానికి ఉద్యోగం ఇచ్చారు. బండి నడిపేదీ తనే, కళ్ళు చూసేదీ తనే. వానలు తగ్గి రోడ్లు ఆరగానే వ్యాన్ బయల్దేరుతుందనీ, ఆలోగా లైసెన్సు తెస్తే తాళం చెవి తనదనీ, తేకపోతే వరసలో ఉన్న ఇంకొకరిదనీ పెద్ద డాక్టరమ్మ ముందే చెప్పేసింది. చిన్నప్పటి నుంచీ ఎదురుపడిన ప్రతివాడి కనురెప్పా ఎత్తి చూసిన పిల్ల అది. దాని ముఖం ఆ సాయంత్రం చూడలేకపోయాను.

"నేను మామయ్య దగ్గర నేర్చుకుంటాను," అంది ఇంటికొచ్చి, తల తుడుచుకుంటూ.

మామయ్య అంటే నా బావమరిదే, మా స్కూల్లో రెండో మాస్టారు. కొత్త కారు అతను నడిపిస్తాడు, పాత కారు నేను.

"వాడికి బ్రేకెక్కడుందో కూడా గుర్తుండదే. పక్కన కూర్చుని పాటలు పాడుకుంటాడు."

"అందుకే," అంది.

నా భార్య మూల గదిలో కుట్టుమిషన్ తొక్కుతోంది. బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. మా ఇంట్లో పెడల్ తొక్కేది నేనొక్కణ్ణే కాదన్నమాట. కాకపోతే ఆవిడ తొక్కితే పని సాగుతుంది, నేను తొక్కితే ఆగుతుంది. ఆవిడ అక్కణ్ణించే తీర్పు చెప్పింది.

"మామయ్య దగ్గర నేర్చుకుంటే పరీక్ష గట్టెక్కుతావు. మీ నాన్నని పక్కన పెట్టుకుని ఆపగలిగితే లోకంలో ఎక్కడైనా ఆపగలుగుతావు. ఆయనతోనే వెళ్ళు. ఏమండీ, మీరు మాత్రం కాలు పెట్టకుండా నేర్పండి."

"కాలు పెట్టకుండా ఎలా నేర్పను?"

"నోరుందిగా. దానికెలాగూ బ్రేకు లేదు."

అమ్మాయి నవ్వింది. పరీక్ష తప్పాక అదే మొదటి నవ్వు కాబట్టి నేను ఓడిపోయినా పట్టించుకోలేదు. ఒప్పందం కుదిరింది. నేను బూట్లు ఇంట్లోనే వదిలేసి, పక్క సీట్లో బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి. కాలు కిందికి దించకూడదు.

మర్నాడు పొద్దున్న బయల్దేరబోతుంటే బావమరిది ఫోన్ చేశాడు. "బావా, నిన్న కొత్త కారు రాడ్ విరిగిపోయింది. ఇంకోటి రావడానికి చాలా రోజులు పడుతుందట. అందుకని పాత కారుది—"

"రాడ్ అని పేరు పెట్టుకుని ఎలా వస్తాడోయ్? రాడు, రాడు. వచ్చేవాడైతే 'వచ్చ్' అని పెట్టుకునేవాడు."

"అది కాదు బావా, ముందు నేను చెప్పేది విను—"

"నవ్వాక చెబుదువుగానిలే," అని పెట్టేశాను. రోజు మంచి జోకుతో మొదలైంది. ఆ ఊపులో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.

బాసింపట్టు వీధి చివరి దాకా నిలిచింది. మలుపులో పాలబండి కనిపించగానే కుడికాలు నాతో ఒక్క మాటైనా చెప్పకుండా దిగి పెడల్ తొక్కేసింది. కారు ఆగింది. పెడల్ ఎందుకో మెత్తగా తగిలింది గానీ, వానకి తలుపులే ఉబ్బుతున్నాయి, పెడల్ మెత్తబడితే వింతేముంది అనుకున్నాను. అమ్మాయి నా కాలు వైపు ఓసారి చూసింది. తన కాలు వైపు ఇంకోసారి చూసుకుంది. మాట తప్పానని కోపమొచ్చిందనుకుని ముందే తగ్గాను.

"కాలు జారింది తల్లీ."

అది కాసేపు ఆలోచించింది. "పర్లేదు నాన్నా. కింద పెట్టుకునే కూర్చో. హాయిగా ఉంటుంది."

అంత సులువుగా లొంగడం దానికి వాళ్ళమ్మ వైపు నుంచీ రాలేదు, నా వైపు నుంచీ రాలేదు. అయినా గెలుపు గెలుపే కదా అని కాళ్ళు రెండూ దించేశాను.

అలా రోజూ పొద్దున్నే వెళ్ళేవాళ్ళం. మిగతా పిల్లల పాఠాలన్నీ కొత్త కారుకీ బావమరిదికీ అప్పగించాను, పాత కారు మా ఇద్దరికే. అద్దాల మీద వైపర్లు కొట్టుకుంటుంటే, నేను తొక్కుతుంటే, అది నడుపుతుంటే మాటలు సాగేవి. ఇంట్లో ఎదురెదురుగా కూర్చుంటే రాని మాటలు కారులో పక్కపక్కన కూర్చుంటే వస్తాయని అప్పుడే తెలిసింది. ఎదురుగా ఉంటే ముఖాలు అడ్డొస్తాయి కాబోలు.

"అమ్మకి సూదిలో దారం ఎక్కడం లేదు నాన్నా," అంది ఓ రోజు. "కళ్ళజోడు రాసిచ్చాను. తెచ్చి పెట్టాను కూడా. పెట్టుకోదు."

"మరి ఎలా కుడుతోంది?"

"పొద్దున్నే నేను నాలుగైదు సూదుల్లో దారం ఎక్కించి పెట్టొస్తాను. మిషన్‌కి కూడా."

"నువ్వు ఎక్కిస్తున్నన్నాళ్ళూ ఆవిడ జోడు పెట్టుకోదే పిచ్చిదానా."

అది నా వైపు తిరక్కుండా, "అంతేనంటావా," అంది.

"అంతే మరి," అన్నాను, ఎదురుగా వస్తున్న సైకిలు కోసం పెడల్ తొక్కుతూ.

నా మాట నాకే తగిలినట్టనిపించింది గానీ, కాలు తీయలేదు. కాలికి చెవులుండవు.

అద్దం సంగతి ఆ వారంలోనే. పల్లం దిగుతున్నాం. సన్నజల్లు, రోడ్డు నున్నగా మెరుస్తోంది. పల్లం కింద బీరువాల దుకాణం ఉంది. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి ఎదురుగా ఓ కారు మా మీదికే వచ్చేస్తోంది. అందులో ఒక బొద్దు మనిషి నోరు తెరుచుకుని, కళ్ళు గుండ్రంగా చేసుకుని, సీట్లోంచి సగం లేచి ఉన్నాడు. ఎవడీ పిచ్చివాడు, బండి నడపడం రాకపోతే ఇంట్లో కూర్చోవచ్చుగా అనుకునేలోపల, ఆ కారు నడుపుతున్నది మా అమ్మాయేనని తెలిసింది.

ఇద్దరు మనుషులు బీరువా అద్దం మోసుకుంటూ రోడ్డు దాటుతున్నారు.

నేను రెండు కాళ్ళతో తొక్కాను. కారు ఆగింది. అద్దంలో కారూ ఆగింది. రెంటి మధ్యా ఒక మనిషి పట్టేంత చోటుంది. అద్దంలో బొద్దు మనిషి ఇంకా నోరు మూయలేదు. అతని పక్కన పిల్ల మాత్రం అద్దం మోస్తున్నవాళ్ళ పాదాల వైపే చూస్తూ, వాళ్ళు దాటేదాకా ఆగి, మళ్ళీ గేరు వేసింది.

"అద్దం అటు తిప్పరా," అన్నాడు మోస్తున్నవాళ్ళలో ముందువాడు వెనకవాడితో. "పెద్దాయన తనని తనే చూసి జడుసుకున్నాడు."

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఈ కథని నేను మూడు రకాలుగా చెప్పాను. మూడు రకాల్లోనూ హీరో నా కాలే.

"ఇంతకీ పిల్లేం చేసింది?" అంది నా భార్య.

"స్టీరింగ్ పట్టుకుంది."

"అంతేనా?"

"నాన్న చాలా గట్టిగా తొక్కాడమ్మా," అంది అమ్మాయి, కంచంలోంచి తల ఎత్తకుండా. "అంత గట్టిగా ఎవరూ తొక్కలేరు."

నా భార్యకి ఎందుకో పొలమారింది. నేనే నీళ్ళందించాను.

వానలు పలచబడ్డాయి. మూడో పరీక్షకి తేదీ ఇచ్చారు. దానికి కాస్త ముందు ఓ సాయంత్రం షెడ్డుకి వెళ్ళేసరికి బావమరిది కొత్త కారు కింద దూరి ఉన్నాడు. కాళ్ళు, పాట మాత్రం బయటికి వస్తున్నాయి.

"రాడు రాడన్నావుగా బావా, వచ్చాడు," అన్నాడు కింద నుంచే. "కొత్త రాడ్ దీనికి వేసేశా. దీన్నించి తీసింది మళ్ళీ పాత కారుకి బిగించేయనా?"

"పాత కారుకెందుకు? దానికుందిగా."

పాట ఆగింది. కాళ్ళ వెనకాలే మనిషి కూడా బయటికొచ్చాడు, ముక్కు మీద గ్రీజుతో. "దానికెక్కడుంది? దానిదే కదా తీసి దీనికి వేసింది. ఆ పొద్దున్న ఫోన్‌లో అదే చెప్పబోతే నవ్వుకుని పెట్టేశావు. తర్వాత అక్కని అడిగితే, పిల్ల బాగా ఆపుతోందిలే అంది. నీకు తెలిసే తిప్పుతున్నావనుకున్నా."

నేను వెళ్ళి పాత కారు పక్క సీట్లో కూర్చున్నాను. పెడల్ మీద కాలు పెట్టి తొక్కాను. అది నేలదాకా దిగింది, వదిలితే పైకొచ్చింది. డ్రైవరు వైపు పెడల్ కదల్లేదు. మళ్ళీ తొక్కాను. వీధి చివరి పాలబండి నుంచి ఇవాళ్టిదాకా నేను తొక్కింది గాలిని.

ముందు పల్లం, జల్లు, అద్దం, సైకిళ్ళు, కుక్కలు, అన్నీ ఒకదాని మీదొకటి వచ్చి పడ్డాయి. తర్వాత ఒక్కొక్కదాన్నే వెనక్కి తిప్పి చూసుకున్నాను. ఒక్కోచోటి నుంచీ నా కాలు తీసేసి చూశాను. అన్నిచోట్లా కారు ఆగే ఉంది. ఆగాల్సిన చోటే ఆగి ఉంది. అద్దం ముందు కూడా.

ఏడుపు రాలేదు, నవ్వూ రాలేదు. విపరీతంగా ఆకలేసింది.

"బిగించనా బావా?"

"ఉండనీ. పరీక్ష అయ్యాక చూద్దాం."

"ఒంట్లో బాగానే ఉందా? ఒక్క జోకూ వేయలేదు."

"రాలేదోయ్," అన్నాను.

ఆ తర్వాత రోజుల్లో తెలిసే తొక్కాను. తెలియక తొక్కడం సులువు, తెలిసి తొక్కడమే నరకం. సమయానికి నోరు తెరవాలి, "అబ్బ" అనాలి, ఆగాక నుదురు తుడుచుకోవాలి. కింద ఏమీ లేదని పిల్లకి తెలిస్తే బెదిరిపోతుంది, బెదిరితే మళ్ళీ ఆ క్షణం వచ్చి కూర్చుంటుందని నా భయం. అందుకని నాటకం ఆడాను. ఇన్నేళ్ళుగా ప్రమాదం లేనిచోట బ్రేకు వేసినవాణ్ణి, ఇప్పుడు బ్రేకే లేనిచోట బ్రేకు వేశాను. ఒక్కటి మాత్రం చేయగలిగాను. ఊరికే కూర్చోవడం వల్ల దాన్ని చూడడానికి తీరిక దొరికింది. మలుపులో పెదవి కొరుకుతుంది. ముసలివాళ్ళు రోడ్డు దాటుతుంటే వాళ్ళ కళ్ళే చూస్తుంది, శుక్లాలున్నాయేమోనని. ఇన్నాళ్ళూ నేను రోడ్డుని చూశాను, దాన్ని చూడలేదు.

పరీక్ష రోజు వాన లేదు, మబ్బుంది. నా భార్య కూడా వచ్చింది. ఆఫీసు వరండాలో ఇద్దరం నిలబడ్డాం. మైదానం చుట్టూ తిరిగి, చివరికి తెల్లగీత దగ్గర ఆపాలి. ఆఫీసు కారు మలుపు తిరిగి గీత వైపు వచ్చింది. నేను కళ్ళు మూసుకోలేదు. చక్రం గీతకి ఇవతల ఆగింది, మెత్తగా, నిద్రపోతున్నవాళ్ళు లేవకుండా తలుపు వేసినట్టు.

అధికారి దిగి వచ్చింది. "ఈసారి ఎవరి కోసమూ చూడలేదు," అంది. సంతకం చేసి, నా బూటు వైపు చూసి, "మీ కాలు కులాసానా మాస్టారూ?" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆవిడ జోకేసిందని నాకు తెలిసేసరికి ఆవిడ లేదు. నవ్వడానికి ఆలస్యమైపోయింది. నా భార్య చేతిసంచితో నా వీపు మీద ఒకటి వేసింది. ఆవిడ సంతోషం వస్తే కొడుతుంది.

ఇంటికి పాత కారులో వచ్చాం. అమ్మాయి నడిపింది, నేను పక్కన, వాళ్ళమ్మ వెనక. కూడలి దగ్గర అడ్డంగా బస్సు వచ్చింది. అలవాటు కొద్దీ తొక్కి, "అబ్బ" అన్నాను.

"ఇంకా ఎందుకు నాన్నా," అంది అమ్మాయి, కారు ఆపి. "దానికి రాడ్ లేదుగా."

బస్సు వెళ్ళిపోయింది. వెనక బండ్లు హారన్ కొడితే అమ్మాయి కారు కదిలించింది.

"నీకెలా తెలుసు?"

"నువ్వు తొక్కితే నా కాలికింద పెడల్ దిగాలి కదా. మొదటి రోజు పాలబండి దగ్గరే దిగలేదు. నేనే తొక్కాల్సొచ్చింది."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే బిగించేస్తావు."

నిజమే, ఆ సాయంత్రమే బిగించేసేవాణ్ణి.

"నీకెప్పుడు తెలిసింది?" అంది.

"మొన్న షెడ్డులో."

"మరి నువ్వెందుకు చెప్పలేదు?"

"చెప్తే భయపడతావని."

అది నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కుంది. ఆ నవ్వు వెనక సీట్లోంచి వచ్చింది. నా భార్య నవ్వుతోంది, అదీ నేను జోకు వేయకుండానే.

"నీకూ తెలుసా?" అన్నాను వెనక్కి తిరిగి.

"అదొచ్చి ఆ రోజే చెప్పింది."

"తెలిసి ఎలా ఊరుకున్నావు? భయం వేయలేదూ?"

"ఎందుకు వేయలేదు? మీరిద్దరూ బయల్దేరగానే మిషన్ ముందు కూర్చునేదాన్ని. గుమ్మంలో కారు ఆగిన చప్పుడు వినపడేదాకా తొక్కుతూనే ఉండేదాన్ని. ఈ వానల్లో కుట్టినన్ని బట్టలు నా జన్మలో కుట్టలేదు."

ఎవరి పెడల్ వాళ్ళం తొక్కామన్నమాట, కారు నడిపిన పిల్ల దారిన అది నడుపుకుంటూ పోతుంటే.

రోడ్లు ఆరాయి. కంటి ఆసుపత్రి వ్యాన్ తెల్లగా కడిగించుకుని ఓ పొద్దున్న మా వీధిలోకొచ్చి ఆగింది, పిల్ల సామాను వేసుకోవడానికి. పాత కారుకి రాడ్ మళ్ళీ బిగించాం, వేరే పిల్లల కోసం. నా భార్య ముక్కు మీద కొత్త కళ్ళజోడు ఉంది. వెళ్ళే ముందు సూదులకి దారం ఎక్కించి పెట్టమని పిల్లని అడగలేదు, పిల్ల ఎక్కిస్తాననలేదు.

"జాగ్రత్త" అందామనుకున్నాను. అది నాకు తెలిసిన పాత బ్రేకే. "ఊరూరా కళ్ళు చూసుకుంటూ వెళ్ళు తల్లీ," అన్నాను.

"నువ్వు కాళ్ళు చూసుకో నాన్నా," అని తలుపు వేసుకుంది.

వ్యాన్ వీధి చివరికి వెళ్ళింది. మలుపులో పాలబండి అడ్డొచ్చింది. వ్యాన్ వెనక ఎర్రదీపాలు రెండూ వెలిగాయి.

"ఆగింది," అంది నా భార్య, కళ్ళజోడు పైనుంచి చూస్తూ. "ఇక నా కాలి మీంచి మీ కాలు తీయండి."